చీకటి పెట్టెలో చిన్న వెలుగు

“మీ పెద్దమ్మాయి అమెరికాలో ఏం పని చేస్తుందండీ?”

ఆదివారం ఆరాధన అయిన తరువాత గుడి ముందు వేపచెట్టు కింద నిలబడినప్పుడల్లా ఎవరో ఒకరు మమ్మల్ని ఈ మాట అడుగుతూనే ఉంటారు. “క్యాన్సరు మీద పరిశోధన” అని చెబితే సంతోషిస్తారు. “ఎలుకల మీద చేస్తారు” అనగానే కొందరి ముఖం మారిపోతుంది. ఒక పెద్దాయన సూటిగానే అన్నారు: “నోరులేని జీవాలకు రోగం తెప్పించి చూడడమేమిటి మాస్టారూ, పాపం గదా?”

ఆ రోజు మేము జవాబు చెప్పలేకపోయాము. నిజానికి ఆ ప్రశ్న మా ఇద్దరి మనసుల్లోనూ ఎన్నో ఏళ్ళుగా మెదులుతూనే ఉంది. 2023లో మూడు నెలలు అమ్మాయి ఇంట్లో ఉండి వచ్చాము. అక్కడ చూసినదీ విన్నదీ మాకు అర్థమైనంత వరకు మీతో చెప్పాలని ఇది రాస్తున్నాము. మేము పల్లెటూరి బడిలో పాఠాలు చెప్పి రిటైరైనవాళ్ళం గనుక పల్లెటూరి మాటల్లోనే చెబుతాము.

అమ్మాయి ఈ చదువులోకి ఎందుకు వెళ్ళిందో ముందుగా చెప్పాలి. 1996లో మా ఇంటి పెద్దావిడ, అంటే పిల్లల నాయనమ్మ, రొమ్ము క్యాన్సరుతో కన్నుమూసింది. స్నానం చేస్తుండగా గోలీకాయంత గడ్డ చేతికి తగిలిందట. నొప్పి లేదు. నొప్పి లేనిదానికి డాక్టరెందుకులే అనుకుంది. కోడలికి చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడింది. నాట్లయ్యాక చూద్దాం, కోతలయ్యాక చూద్దాం, క్రిస్మస్ వెళ్ళాక చూద్దాం అంటూ రోజులు గడిచిపోయాయి. తప్పు ఆమెది మాత్రమే కాదు. సంగతి మాకు తెలిసిన తరువాత కూడా నాటుమందు కట్టించి ఇంకో రెండు నెలలు పోగొట్టాము. పట్నం తీసుకువెళ్ళేసరికి జబ్బు ఊపిరితిత్తుల్లోకి పాకిపోయింది. డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, “కొంచెం ముందు రావలసింది” అన్నారు. ఆ ఒక్క మాట ఇప్పటికీ మా చెవుల్లో ఉంది.

ఇంటికి వచ్చాక తొమ్మిదేళ్ళ మా అమ్మాయి ఆ ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. “నాన్నా, మొట్టమొదట ఇది ఎంత ఉండేది? అప్పుడెందుకు ఎవరికీ కనబడలేదు?” అని అడిగింది. ఆ వేళ ఏదో చెప్పి పంపించేశాము. ఇప్పుడు ఆమె చేస్తున్న ఉద్యోగమంతా ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే.

అమెరికా వెళ్ళిన మొదటి వారంలోనే, “నీ ఎలుకలను చూపించమ్మా” అని అడిగాము. ఆ గదుల్లోకి బయటివాళ్ళను రానివ్వరట. కొన్ని రకాల ఎలుకలకు రోగాన్ని తట్టుకునే శక్తి ఉండదు. మన బట్టల మీద వచ్చిన చిన్న క్రిమి చాలు, అవి చచ్చిపోవడానికి. అందుకని ఆమె రాత్రి భోజనాలయ్యాక వంటింటి బల్ల దగ్గరే మాకు బడి పెట్టింది. జీవితమంతా పాఠాలు చెప్పిన మేము ఆ వయసులో ఆమె ముందు విద్యార్థులమయ్యాము.

మొదటిరోజు దీపాలన్నీ ఆర్పేసి, సెల్‌ఫోను టార్చి వెలిగించి, దాన్ని మా అరచేతి కింద ఆనించి పెట్టింది. చెయ్యి ఎర్రగా వెలిగింది. “లోపలికి వెళ్ళింది తెల్లటి వెలుగు. పైకి ఎరుపు మాత్రమే ఎందుకు వచ్చింది?” అని అడిగింది. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. నెత్తుటిలో ఉండే హిమోగ్లోబిను నీలం వెలుగునూ పచ్చ వెలుగునూ మింగేస్తుందట. ఎరుపును అంతగా మింగదు. “లోపల ఉన్న జబ్బును వెలుగుతో చూడాలంటే ఎరుపైనా కావాలి, ఎరుపు దాటి కంటికి కనబడని వెలుగైనా కావాలి. తక్కినదంతా దారిలోనే పోతుంది” అన్నది. ఆ ఎరుపైనా ఎంతో లోతునుంచి రాలేదు. ఒక్క సెంటీమీటరు మాంసం దాటేసరికి పదో వంతు మిగిలితే గొప్పే. ఎలుక ఒళ్ళు చిన్నది గనుక ఈ పద్ధతి దానికి సరిపోతుంది.

మరి ఎలుక ఒంట్లో దీపం ఎవరు పెడతారు? రెండోరోజు పాఠం అదే. ఆ దీపం మన మిణుగురు పురుగుది. మిణుగురు ఒంట్లో లూసిఫెరిన్ అనే పదార్థం ఉంటుంది. లూసిఫరేజ్ అనే ఎంజైము దాన్ని ఆక్సిజనుతో కలిపి వెలుగు పుట్టిస్తుంది. లూసిఫెరిన్ అన్న పేరు వినగానే మేము కొంచెం ఉలిక్కిపడ్డాము. అమ్మాయి నవ్వి, లాటిన్ భాషలో ఆ మాటకు ‘వెలుగును మోసేది’ అని మాత్రమే అర్థమని చెప్పింది. 1880ల్లో రఫాయెల్ దుబోవా అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ పేరు పెట్టాడట.

ఈ కథలో మన ఊళ్ళవాళ్ళు గర్వపడవలసిన సంగతి ఒకటుంది. మిణుగురు వెలగాలంటే ఏటీపీ కావాలి. బతికున్న ప్రతి కణానికీ శక్తినిచ్చే ఇంధనం అది. 1929లో అమెరికాలోని హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి దాన్ని కండరాలలోనుంచి వేరుచేసి చూపినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుగొన్నాడు. 1947లో బాల్టిమోర్ నగరంలో విలియం మెకెల్రాయ్ అనే శాస్త్రజ్ఞుడు మిణుగురు వెలుగుకు ఏటీపీయే ఆధారమని నిరూపించాడు. ఆయనకు పరిశోధనకు వేలకొద్దీ మిణుగురులు కావలసి వచ్చి, వంద పురుగులకు పావు డాలరు చొప్పున ఇచ్చి బడిపిల్లల చేత పట్టించాడట. పొలంలో ఎలుకలు పట్టించి ఎలుకకింత అని మనం డబ్బులిచ్చే సంగతి మాకు గుర్తుకువచ్చింది.

1985లో కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో శాస్త్రజ్ఞులు మిణుగురు లూసిఫరేజ్ జన్యువును వేరుచేయగలిగారు. 1995లో స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ కాంటాగ్, ఆయన సహచరులు వెలుగునిచ్చే క్రిములను బతికున్న ఎలుక ఒంట్లోకి పంపి, ఒళ్ళు కోయకుండా బయటినుంచే కెమెరాతో చూపించారు. ఆ తరువాత ఆ పద్ధతి క్యాన్సరు పరిశోధనలోకి వచ్చింది. క్యాన్సరు కణాలలో మిణుగురు జన్యువును పెడతారు. ఎలుకకు లూసిఫెరిన్ సూదిమందు ఇస్తారు. పది పదిహేను నిమిషాలాగి, మత్తు వాసన చూపించి నిద్రపుచ్చి, వెచ్చని పలక మీద పడుకోబెట్టి, వెలుతురు చొరని పెట్టెలో ఉంచి తలుపు మూస్తారు. పైన కెమెరా ఉంటుంది. కంప్యూటరు మీద ఎలుక బూడిదరంగులో కనబడుతుంది, దాని ఒంటి మీద జబ్బున్న చోట రంగుల మచ్చ కనబడుతుంది. ఆ రంగులు నిజమైనవి కావు. వెలుగు ఎక్కువున్న చోట ఎరుపు, తక్కువున్న చోట నీలం అని కంప్యూటరు వేసేవే.

ఆ వెలుగు మన కంటికి ఆనదు. అంత సన్నని వెలుగును పట్టుకోవడానికి ఏం చేస్తారని మేము అడిగాము. ఇంకా పెద్ద కెమెరా, ఇంకా గొప్ప దీపం అని చెబుతుందనుకున్నాము. ఆమె చెప్పింది వేరు. కెమెరాలో ఉండే వేడి కూడా వెలుగులాగే లెక్కకు వస్తుందట. చీకటిలో ఏమీ లేకపోయినా ఏదో ఉన్నట్లు చూపిస్తుంది. అందుకని ఆ కెమెరా గుండెకాయను సున్నాకు 90 డిగ్రీల కిందికి చల్లబరుస్తారు. నల్లబొచ్చు ఎలుకయితే ఆ నలుపు వెలుగును తాగేస్తుంది గనుక బొచ్చు గొరుగుతారు, లేదా తెల్లవాటినో బొచ్చు లేనివాటినో తీసుకుంటారు. “పట్టపగలు కూడా ఆకాశంలో నక్షత్రాలు ఉంటాయి గదా నాన్నా. అవి కనబడనిది వాటి వెలుగు తగ్గినందువల్ల కాదు, చుట్టూ వెలుగు ఎక్కువైనందువల్ల. మా పనిలో సగం చీకటిని శుభ్రం చేసుకోవడమే” అన్నది.

ఆ మాట ఆమె ఎంత కష్టపడి నేర్చుకున్నదో మూడోరోజు తెలిసింది. మిణుగురు పద్ధతి మనుషులకు పనికిరాదు, మన కణాలలో మిణుగురు జన్యువు పెట్టలేము గనుక. మనుషులకు ఉపయోగపడాలంటే క్యాన్సరు కణాన్ని వెతుక్కుంటూ వెళ్ళి అంటుకునే రంగుమందు కావాలి. దాని మీద ఒక రంగు వెలుగు వేస్తే అది మరో రంగు వెలుగును తిరిగి ఇస్తుంది. అమ్మాయి ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎరుపు వెలుగునిచ్చే అలాంటి మందునొకదాన్ని ఎలుకలకు ఇచ్చి చూసింది. పొట్ట భాగమంతా ధగధగా మెరిసింది. జబ్బు అక్కడికి పాకింది, మందు దాన్ని కనిపెట్టింది అని ఎంతో సంబరపడిందట. రెండు వారాలు ఆ లెక్కలే వేసుకుంది. చివరికి జబ్బూ లేని, మందూ ఇవ్వని ఆరోగ్యమైన ఎలుకను పెట్టెలో పెట్టి చూస్తే, దాని పొట్ట కూడా అలాగే మెరిసింది!

కారణం ఏమిటో చూపిస్తానని లేచి, నాలుగు పాలకూర ఆకులు నలిపి, చేతులు తుడుచుకునే స్పిరిట్‌లో వేసి వడగట్టింది. పచ్చటి నీళ్ళు దిగాయి. దీపాలార్పి, దొంగనోట్లు పట్టుకునే ఊదారంగు టార్చి దాని మీద వేసింది. పచ్చటి నీళ్ళు నెత్తురులాగా ఎర్రగా వెలిగాయి. మేము ఆశ్చర్యపోయాము. ఆకులోని పచ్చదనానికి, అంటే క్లోరోఫిల్‌కు, ఆ గుణం ఉందట. పరిశోధనశాలలో ఎలుకలకు పెట్టే మామూలు దాణాలో లూసర్న్ గడ్డి కలుస్తుంది. మన పాడిరైతులు పశువులకు వేసేదే. ఆ గడ్డిలోని పచ్చదనం ఎలుకల పేగుల్లో ఉండి మెరిసింది. ఆమె చూసింది జబ్బును కాదు, గడ్డిని!

దాణా మార్చింది. లూసర్న్ లేని దాణా తెప్పించి పెట్టింది. అయినా మెరుపు పూర్తిగా పోలేదు. ఎలుకలు తమ పెంటికలను తామే తింటాయి. పాత గూటిలోని పెంటికల్లో పాత దాణా ఇంకా ఉంది. గూళ్ళు కూడా మార్చి మరికొన్ని రోజులు ఆగింది. అప్పుడు పొట్ట నల్లబడింది. ఆ నలుపులో, అంతకు ముందు ఆ మెరుపు కింద మునిగిపోయిన చిన్న చుక్క ఒకటి కనబడింది. అది నిజమైన గడ్డ. “మందు మార్చలేదు, కెమెరా మార్చలేదు. తిండి మార్చాను, గూడు కడిగాను, అంతే” అని చెబుతుంటే ఆమె కళ్ళు మెరిశాయి. ఆ తరువాత ఆమె ఎరుపు దాటిన, కంటికి కనబడని వెలుగునిచ్చే రంగులకు మారింది. ఆ వెలుగు నెత్తుటిని దాటి బాగా వస్తుంది, మాంసం తనంతట తాను మెరవడం కూడా అక్కడ తక్కువ.

అప్పుడు మేము గుడి ముందు పెద్దాయన అడిగిన ప్రశ్న ఆమెను అడిగాము. “ఆ ఎలుకల సంగతేమిటి తల్లీ? నీకు బాధ అనిపించదా?”

ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. గిన్నెలు కడగడం ముగించి వచ్చి కూర్చుంది. “అనిపిస్తుందమ్మా. గడ్డ ఇంత కంటే పెరగకూడదని ముందే కొలత రాసి పెట్టుకుంటాం. అంతకు వచ్చినా, ఎలుక తిండి మానేసినా, నొప్పి లేకుండా ప్రాణం తీసెయ్యాలి. ఆ పని ఇంకొకరికి చెప్పను, నేనే చేస్తాను. ఆ రోజు నాకు అన్నం సయించదు” అన్నది.

మేము మౌనంగా ఉండిపోయాము. వరి చేలో ఎలుకలు పడితే మేము ఎన్నడూ ఇంత ఆలోచించలేదు. కలుగుల్లో పొగ పెట్టించాము, మందు పెట్టించాము. పంటను కాపాడుకోవడానికి చంపినవాళ్ళం, మనిషిని కాపాడడానికి చంపుతున్న బిడ్డను ఏ ముఖంతో తప్పుపడతాము? అయినా, మేము చేశాము గనుక ఆమె చేసినదీ సరే అని సరిపెట్టుకోలేకపోయాము. మా మనసు తెలిసినట్టుగా ఆమె ఒక కాగితం మీద లెక్క వేసి చూపించింది.

పూర్వం ఎలుక ఒంట్లో గడ్డ ఎలా పెరుగుతుందో తెలియాలంటే కోసి చూడడమే దారి. ఉదాహరణకు అయిదు వారాలు చూడాలనుకుంటే, వారానికి పది చొప్పున యాభై ఎలుకలు పోతాయి. వెలుగుతో చూస్తే ఆ పది ఎలుకలనే అయిదు వారాలూ చూడవచ్చు. నలభై ప్రాణాలు మిగులుతాయి. “అంతే కాదు నాన్నా. కంటికి కనబడేంత గడ్డ పెరిగేదాకా ఆగితే ఎలుక బాధపడుతుంది. ఆవగింజంత ఉన్నప్పుడే చూడగలిగితే, మందు పనిచేస్తుందో లేదో అప్పుడే తెలిసిపోతుంది. నొప్పి మొదలవకముందే పని ముగించవచ్చు. నేను కెమెరాకు ఎంత చిన్నది కనబడేలా చేస్తే, ఎలుకకు అంత బాధ తగ్గుతుంది” అన్నది.

1959లో ఇంగ్లండులో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు ఈ విషయం మీద ఒక పుస్తకం రాశారట. జంతువులు లేకుండా జరిగే పని జంతువులతో చేయవద్దు, తప్పనప్పుడు వీలైనంత తక్కువ వాటితో చెయ్యి, వాటికి బాధ వీలైనంత తగ్గించు అనే మూడు నియమాలు అందులో ఉన్నాయి. ఆ మూడూ కాగితం మీద రాసి ఆమె తన బల్ల ముందు గోడకు అంటించుకుంది. పశువులను సాకే ఇంట్లో పుట్టిన బిడ్డ అవి మరచిపోలేదని మాకు తృప్తి కలిగింది.

ఇంతా చేసి మనుషులకు ఏమైనా ఒరిగిందా అని కూడా అడిగాము. ఎలుకకు పనిచేసినవన్నీ మనిషికి పనిచేయవని ఆమె ముందుగానే ఒప్పుకుంది. అయితే ఒక సంగతి చెప్పింది. ఫోలిక్ ఆసిడ్ మీకు తెలుసు గదా, గర్భిణీ స్త్రీలకు ఇచ్చే విటమిను. కొన్ని క్యాన్సరు కణాలు దానికోసం ఆవురావురుమంటూ ఉంటాయి. ఫోలిక్ ఆసిడ్‌ను పోలిన అణువుకు కంటికి కనబడని వెలుగునిచ్చే రంగును తగిలించి, ముందు ఎలుకలలో చూసి, తరువాత మనుషులలో పరీక్షించారు. పాఫోలాసియానిన్ అనే ఆ మందును 2021 నవంబరులో అమెరికా ప్రభుత్వం అండాశయ క్యాన్సరు ఆపరేషన్లలో వాడడానికి అనుమతించింది. 2022 డిసెంబరులో ఊపిరితిత్తుల ఆపరేషన్లకు కూడా అనుమతించింది. ఆపరేషను బల్ల మీద డాక్టరు కంటికీ వేలికీ అందని గడ్డ ముక్కలను కెమెరా తెర మీద చూపిస్తుంది. ఆ ఫోలిక్ ఆసిడ్‌ను 1945లో లెడర్లీ కంపెనీలో తయారుచేసిన బృందానికి నాయకుడెవరో తెలుసా? మళ్ళీ మన సుబ్బారావుగారే. ఆ బృందం చేసిన మరో మందుతోనే సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు నెత్తుటి క్యాన్సరు వచ్చిన పసిపిల్లలకు కొంతకాలమైనా ఉపశమనం కలిగించి 1948లో లోకానికి తెలియజేశాడు. సుబ్బారావుగారు ఆ ఏడాదే చనిపోయారు. ఆయన అప్పుడు వెలిగించినది ఇప్పుడు ఎక్కడ వెలుగుతున్నదో చూడండి.

2018లో జపానులో మియవాకి అనే శాస్త్రజ్ఞుని బృందం మిణుగురు ఎంజైమునూ, దాని ఇంధనాన్నీ మార్చి, వందరెట్లకు పైగా ఎక్కువ వెలుగు వచ్చేలా చేసింది. ఎలుక ఊపిరితిత్తులలో ఉన్న ఒకే ఒక్క క్యాన్సరు కణాన్ని కూడా వాళ్ళు బయటినుంచి చూడగలిగారు. ఒక్క కణం! ఆ మాట విన్నప్పుడు మాకు కిటికీ దగ్గర ఎక్స్‌రే పట్టుకుని నిలబడిన తొమ్మిదేళ్ళ పిల్ల కళ్ళముందు కనబడింది.

మేము ఇంటికి తిరిగివచ్చిన వారానికే ఒక రాత్రి కరెంటు పోయింది. ఇద్దరం వాకిట్లో మంచం వేసుకుని కూర్చున్నాము. కాలువ గట్టున తుమ్మచెట్ల కింద రెండు మూడు మిణుగురులు కనిపించాయి. వీధిదీపం వెలుగుతున్నంతసేపు అవి ఉన్నాయో లేవో కూడా మాకు తెలియలేదు.

ఆ తరువాతి ఆదివారం వేపచెట్టు కింద ఆ పెద్దాయనతో ఇదంతా చెప్పాము. ఆయన ఓపికగా విన్నారు. “బాధ లేదనడం లేదన్నమాట, తగ్గించడానికి చూస్తుందన్నమాట” అన్నారు. అవునన్నాము. అంతకంటే మంచి జవాబు మా దగ్గర ఇప్పటికీ లేదు.

మా ఇంటి తల్లులకూ అక్కచెల్లెళ్ళకూ ఒక్క మాట చెప్పి ముగిస్తాము. పెట్టెలో కెమెరా మన ఊరికి రాదు. మనకు మన చేతులున్నాయి. ఒంటి మీద కొత్త గడ్డ ఏదైనా తగిలితే, నొప్పి లేదు గదా అని ఊరుకోకండి. మా పెద్దావిడ గడ్డకు కూడా నొప్పి లేదు. గడ్డలన్నీ క్యాన్సరు కావు, చాలా మటుకు కావు. అయినా అది తేల్చవలసింది డాక్టరు, మన సిగ్గు కాదు. నాట్లూ కోతలూ పండుగలూ మళ్ళీ వస్తాయి. అత్తగారు చెప్పుకోలేకపోతే కోడలు అడగాలి, తల్లి దాచుకుంటే కూతురు అడగాలి. మేము అడగలేదు. అందుకే ఈ సంగతి మీకు రాస్తున్నాము.